గడిచిన ఏడాదికి మన పంచాంగం మనమే రాసుకోవడం ఎలా

ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో అందరం చెవులు రిక్కించేది నాలుగు మాటల దగ్గరే కదా, ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత. మా అమ్మ అయితే మిగతాదంతా వంటింట్లోంచే వింటుంది, రాశులు మొదలవగానే చేతులు కొంగుకి తుడుచుకుంటూ టీవీ ముందుకొచ్చి నిలబడుతుంది, ఇంట్లో వాళ్ళ రాశులు అయిపోగానే మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబర్లో నాకు అనిపించింది, రాబోయే ఏడాది లెక్క ఎవరో చెప్తే ఇంత శ్రద్ధగా వింటున్నాం, మరి గడిచిన ఏడాదికి ఆ నాలుగు గడులు మనమే నింపుకుంటే ఎలా ఉంటుంది అని. అప్పట్నుంచి ఏటా చేస్తున్నా. ఏం చేస్తానో మొదట్నుంచి చివరి దాకా రాస్తున్నా, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందే చెప్తున్నా, నేను పదహారేళ్ళుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నా కాబట్టి ఆ భాషే వస్తుంది. మా పనిలో మొట్టమొదట నేర్పేది ఏంటంటే నీ క్యాష్ బుక్‌లో నువ్వు రాసుకున్నది బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో టాలీ చేసి చూడకుండా ఏ మాటా చెప్పకు అని. ఏడాది గురించి మన మనసు చెప్పేది ఆ క్యాష్ బుక్ లాంటిదే, మనకి గుర్తున్నవే అందులో ఉంటాయి. బ్యాంక్ స్టేట్‌మెంట్ వేరే ఉంది, అది మన ఫోన్లోనూ గోడ మీద క్యాలెండర్లోనూ ఉంది. ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఇదే, ముందు ఆధారాలు తీసి తర్వాతే తీర్పు చెప్పడం.

ఎప్పుడు కూర్చోవాలి

డిసెంబర్ 31 రాత్రి మాత్రం వద్దు. ఆ రాత్రి కేకు, బిర్యానీ, చుట్టాల ఫోన్లు, పైగా పన్నెండు కొట్టే ముందు మనసు అయితే బాగా పొంగిపోతుంది, లేకపోతే బాగా కుంగిపోతుంది, ఆ మూడ్‌లో రాసింది జనవరి 10 నాటికి మనకే పరాయి రాతలా కనిపిస్తుంది. ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలవుతుంది, చాలా ఇళ్ళల్లో తెల్లారుజామునే లేచి ముగ్గు వేస్తారు, ఆ తర్వాత ఇల్లంతా లేచేలోపు ఒక గంట, గంటన్నర దొరుకుతుంది చూడండి, అది పట్టుకోండి. 2025లో అయితే డిసెంబర్ 21, 28 రెండూ ఆదివారాలు. మొదటి ఆదివారం ఆధారాలకి, రెండో ఆదివారం గడులకి. మధ్యలో వారం గ్యాప్ కావాలి, ఎందుకంటే మొదటి రోజు తవ్వినవి ఆ వారమంతా బస్సులో, వంట దగ్గర, నిద్ర పట్టేముందు ఇంకొన్నిటిని గుర్తుచేస్తూనే ఉంటాయి.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, పెన్నుతో రాయండి. ఫోన్లో నోట్స్ వద్దు అంటున్నా, ఫోన్ ఆధారాలు చూడటానికి వాడుతున్నాం, అందులోనే రాయడం కూడా పెట్టుకుంటే పది నిమిషాల్లో రీల్స్‌లో తేలతాం.

మొదటి ఆదివారం: పన్నెండు పేజీలు

నెలకో పేజీ, పైన నెల పేరు. ఫోన్ గ్యాలరీలో జనవరి దాకా పైకి వెళ్ళి అక్కడ్నుంచి కిందికి రండి, ఏ రోజు ఏం జరిగిందో ఒక్కో ముక్కలో రాసుకోండి. ఎలా అనిపించిందో ఇప్పుడు రాయొద్దు, ఏం జరిగిందో అదొక్కటే. తర్వాత యూపీఐ యాప్‌లో హిస్టరీ, లేదా బ్యాంక్ నుంచి ఏడాది స్టేట్‌మెంట్ పీడీఎఫ్. తర్వాత గోడ మీద క్యాలెండర్, మన ఇళ్ళల్లో అందులోనే కదా గ్యాస్ వచ్చిన డేటు, పాల లెక్క, పనమ్మాయి రాని రోజులు, స్కూల్ మీటింగులు అన్నీ ఉంటాయి, జనవరి రాగానే దాన్ని చింపి అట్టలేసుకోకుండా ఈ పని అయ్యేదాకా ఆగండి. తర్వాత మందుల చీటీల ఫైలు. ఈ నాలుగూ చాలు.

ఇదెందుకంటే నా 2023 చెప్తాను. ఆ నవంబర్లో మా అమ్మ తెనాలిలో బాత్రూంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది, డిసెంబర్లో ఆఫీసులో నాకు రావాల్సిన ఇంక్రిమెంట్ ఆగిపోయింది. మా ఆయనతో "ఈ ఏడాది మొత్తం దండగ" అనేశా, నిజంగా అలాగే నమ్మాను కూడా. ఆ ఆదివారం యూపీఐ స్టేట్‌మెంట్ చూస్తుంటే ఏప్రిల్లో ఎవరో తెలియని పేరు, 40 రూపాయలు, రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే పేరు 40, మళ్ళీ 40, లెక్కపెడితే ఆ ఒక్క నెలలో పదిహేడు సార్లు. ఎవరబ్బా ఈయన అని టైం చూస్తే అన్నీ సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యలో. అప్పుడు వెలిగింది, మా కాలనీ మలుపులో చెరుకురసం బండి. ఆ నెల పాపకి పరీక్షలైపోయాయి, రోజూ సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ అక్కడిదాకా వెళ్ళి చెరో గ్లాసు తాగి వచ్చేవాళ్ళం, నిమ్మకాయ ఎక్కువ, ఐసు వద్దు అని పాప చెప్పేది, దారిపొడుగునా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. పదిహేడు సాయంత్రాలు. నవంబర్ వచ్చేసరికి అవన్నీ నా బుర్రలోంచి పోయాయి, దండగ ఏడాది అన్న మాటొక్కటే మిగిలింది.

ఇది నా ఒక్కదాని లోపం కాదు. 2002లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న సైకాలజిస్ట్ డేనియల్ కానెమన్, డోనాల్డ్ రెడెల్‌మయర్ అనే డాక్టరుతో కలిసి 1996లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది, పేగు పరీక్ష చేయించుకునే పేషెంట్లకి నొప్పి ఎంతసేపు ఉందనేదానికంటే బాగా నొప్పెట్టిన క్షణం, చివరి నిమిషాల్లో ఎలా ఉందనేది, ఈ రెండే తర్వాత వాళ్ళ జ్ఞాపకాన్ని తయారుచేశాయని తేలింది. ఏడాదికి చివరి నిమిషాలు అంటే డిసెంబరే కదా. షుగర్ ఉన్నవాళ్ళకి తెలుసు, ఆ రోజు రీడింగ్ ఒక్కటే చూసి డాక్టర్ వదిలేయరు, రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా రాస్తారు. పన్నెండు పేజీలు మన ఏడాదికి హెచ్‌బీఏ1సీ అనుకోండి. ఇది తిరగబడి కూడా పనిచేస్తుంది, డిసెంబర్ బాగా గడిచినవాళ్ళకి మార్చిలో ఇంట్లో జరిగిన పెద్ద గొడవ, అది ఇంకా సర్దుకోలేదన్న సంగతి ఈ పేజీల్లోనే బయటపడుతుంది.

ఒక్క మాట మధ్యలో. ఈ ఏడాది ఇంట్లో మనిషి పోయినవాళ్ళు ఈ పనంతా పెట్టుకోకండి. మనవాళ్ళు ఏడాదిపాటు పండగలు చేసుకోకపోవడం వెనక ఒక జాలి ఉందని నాకు అనిపిస్తుంది, సంవత్సరీకం అయ్యేదాకా నిన్ను ఎవరూ ఏమీ అడగరు అని. ఓపిక ఉంటే ఆ మనిషితో గడిపిన రోజులు వరకు రాసుకోండి, లెక్కలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

రెండో ఆదివారం: నాలుగు గడులు

ఆదాయం దగ్గర డబ్బు ముందు రాసేయండి, పోయిన జనవరి 1న చేతిలో ఎంత, బాకీ ఎంత, ఇవాళ ఎంత, అంతే, అయిదు నిమిషాల పని. తర్వాత డబ్బు కానిది. ఇక్కడ నాకు నేను పెట్టుకున్న రూలు ఒకటే, పేజీల్లో ఆధారం లేని మాట రాయకూడదు. "ఈ ఏడాది నాకు ధైర్యం పెరిగింది" అని రాస్తే దానికి ఓచర్ లేదు. "జులైలో ఆడిటర్ ముందు మేనేజర్ లేకుండా నేనే కూర్చుని మాట్లాడా" అని రాస్తే ఉంది. కొత్తగా దగ్గరైన మనిషి, నేర్చుకున్న వంట, తగ్గిన బీపీ, మానేసిన అలవాటు, అన్నీ ఆదాయమే, పక్కన నెల పేరు వేయండి.

వ్యయం దగ్గర డబ్బు ఖర్చు మూడు పెద్ద పద్దులు చాలు, ఉప్పూ పప్పూ లెక్క వద్దు. అసలు రాయాల్సింది టైం. ఫోన్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైం ఉంటుంది, అందులో రోజు సగటు చూసి 365తో గుణించండి. రోజుకి మూడు గంటలంటే ఏడాదికి 1095 గంటలు, అంటే తిండీ నిద్రా లేకుండా 45 రోజులు పైనే. మొదటిసారి ఆ అంకె రాసినప్పుడు పెన్ను కింద పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయా. నాకు టైం లేదు అని ఆ ఏడాది ఎంతమందితో అన్నానో. ఆ 45 రోజులూ పాపం అని కాదు నేను చెప్పేది, అందులో అమ్మతో వీడియో కాల్స్ ఉన్నాయి, పాప హోంవర్క్ ఫోటోలు ఉన్నాయి, అవి తీసేసి మిగిలిన అంకె రాసుకోండి, అదే మీ అసలు వ్యయం.

రాజపూజ్యం గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు, నేను నేర్పించిన నలుగురైదుగురిలో అందరూ ఇక్కడే ఆగిపోయారు. సొంత డబ్బా కొట్టుకోకూడదని పెంచారు కదా మనల్ని. కానీ ఇది మన గొప్ప మనం రాసుకునే గడి కాదు, ఎదుటివాళ్ళు మనకిచ్చిన మర్యాద ఎక్కడెక్కడ అందిందో రాసే గడి, అందుకున్నది రశీదు రాయకుండా పక్కన పడేస్తే అది కూడా తప్పు లెక్కే. వాళ్ళు అన్న మాట అన్నట్టుగానే రాయండి. మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి జీఎస్టీ రిటర్న్ దగ్గర తికమక పడుతుంటే కూర్చోబెట్టి చెప్పా, "మేడం మీరు చెప్తే అర్థమవుద్ది, భయం వెయ్యదు" అన్నాడు. ఆ ఏడాది ఇంక్రిమెంట్ రాలేదు గానీ ఈ మాట వచ్చింది, దాన్ని ఆ గడిలో రాసుకున్నాకే ఆ ఉద్యోగంలో నాకు నచ్చే పని ఏంటో అర్థమై, తర్వాతి ఏడాది కొత్తవాళ్ళ ట్రైనింగ్ నాకివ్వమని నోరు తెరిచి అడిగాను. మీకేం గుర్తురాకపోతే ఇంట్లో ఒకర్ని అడగండి, ఈ ఏడాది నేను చేసినవాటిలో నీకు నచ్చింది ఏంటి అని, ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

అవమానం గడిని నిలువుగా రెండు చెయ్యండి. ఎడమవైపు నాకు జరిగినవి, కుడివైపు నేను చేసినవి. ఎడమవైపు చకచకా నిండిపోతుంది, ఎవరు ఏ పెళ్ళిలో ఏం అన్నారో మనకి తారీఖులతో సహా గుర్తుంటాయి. కుడివైపు దగ్గర కాస్త ఆగండి, పన్నెండు పేజీలూ ఇంకోసారి తిప్పండి. నేను ఆగస్ట్ పేజీలో "అత్తయ్య వాళ్ళు వచ్చారు, పులిహోర" అని ఊరికే రాసుకున్నదాని దగ్గర ఆగిపోయా. ఆ రోజు వాళ్ళందరి ముందూ పాప లెక్కల మార్కులు తీసి మాట్లాడా. అది పులిహోర ప్లేటు అలాగే వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా బయటికి రాలేదు. రెండు రోజుల తర్వాత ఐస్‌క్రీం కొనిచ్చి మామూలైపోయాం అనుకున్నా, కానీ సారీ అనే మాట నా నోట్లోంచి రాలేదని కుడివైపు రాస్తున్నప్పుడే తెలిసింది. పుస్తకం అక్కడ మూసి, అది లేచి బ్రష్ చేసుకుంటుంటే వెళ్ళి చెప్పా. "ఎప్పటిదమ్మా అది" అంది నురగ నోటితోనే, కానీ గుర్తులేనట్టు మాత్రం అనలేదు.

కుడివైపున్న ప్రతిదానికీ పక్కన ఒక్క ముక్క రాయండి, చెప్పాలి, ఇవ్వాలి, లేదా ఇక చెయ్యకూడదు. కొన్ని ఆ రోజే తీరిపోతాయి.

ఏ గడిలో వెయ్యాలో తెలియనివి మిగులుతాయి. ఒక స్నేహితురాలు మాట్లాడటం మానేసింది, తప్పు ఎవరిదో తెలీదు. ఉద్యోగం మారాను, మంచిదో కాదో ఇంకా తెలీదు. మా భాషలో వీటిని సస్పెన్స్ అకౌంట్‌లో పెడతాం, అంటే పద్దు తేలేదాకా విడిగా ఉంచుతాం, బలవంతంగా ఎక్కడో ఒకచోట తోసెయ్యం. చివరి పేజీలో రాసి వదిలెయ్యండి. సగం వాటికి సమాధానం కాలమే చెప్తుంది, నా అనుభవంలో.

ఎడమవైపు అవమానాల్లో ఇక వసూలు కానివి ఉంటాయి చూడండి, ఎవరో ఎప్పటికీ సారీ చెప్పరు, అది మనకీ తెలుసు. వాటిని విడి కాగితం మీద రాసి దాచి, భోగి రోజు పిడకలతో పాటు మంటలో వేస్తా. మా పనిలో బ్యాడ్ డెట్ రైట్ ఆఫ్ చేశాక, అంటే ఇక రాని బాకీని లెక్కలోంచి కొట్టేశాక, పుస్తకం తేలికపడుతుంది, ఇది కూడా అంతే, మర్చిపోతామని కాదు, వసూలు చెయ్యాలన్న ఆలోచన ఆగుతుంది.

వచ్చే ఏడాదికి

ఇక్కడ చాలామంది చేసే పని పది తీర్మానాల లిస్టు రాయడం. నేను అది మానేశా. దాని బదులు వచ్చే డిసెంబర్లో ఒక మామూలు రోజు రాస్తా. పండగ కాదు, టూర్ కాదు, ప్రమోషన్ వచ్చిన రోజు కాదు, ఈసారి 2026 డిసెంబర్ 15, మంగళవారం. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా, అంతా ఇప్పుడు జరుగుతున్నట్టే రాయాలి, ఎన్నింటికి లేచా, వంటింట్లో ఎవరున్నారు, ఆఫీసుకి ఎలా వెళ్ళా, మధ్యాహ్నం ఎవరితో తిన్నా, సాయంత్రం ఏం చేశా. మామూలు రోజే ఎందుకంటే ఏడాదిలో మూడొందల రోజులు అలాంటివే, అవి మారితేనే మనం మారినట్టు.

ఆపకుండా ఇరవై నిమిషాలు రాయండి. పోయిన ఆదివారం నేను నాది రాస్తూ "తొమ్మిదిన్నరకి గిన్నెలు సర్దేసి లైటు తీసేశా, పక్క గదిలో అమ్మ అప్పటికే నిద్రపోయింది" అని రాసేశాను. రాశాక చూసుకుంటే, అమ్మ ఉండేది తెనాలిలో. అమ్మని ఇక్కడికి తెచ్చుకోవాలన్న ఆలోచన నాలో అంత తయారై ఉందని అప్పటిదాకా నాకే తెలీదు. మీకూ ఇలాంటి వాక్యం ఒకటి దొర్లుతుంది, దాని కింద గీత గియ్యండి.

ఇప్పుడు ఆ మంగళవారాన్ని, మొన్న గడిచిన మంగళవారాన్ని పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. బోలెడు ఉంటాయి, అందులో రెండే తీసుకోండి. మూడు తీసుకున్న ప్రతి ఏడాదీ నాకు రెండో, ఒకటో కూడా సరిగ్గా జరగలేదు.

ఆ రెండిటినీ "చెయ్యాలి" అని రాయకుండా "ఫలానాది అవ్వగానే ఇది చేస్తా" అని రాయండి. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ 1999లో రాసిన వ్యాసం ఒకటి దీని మీదే, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే ముడిపెట్టుకుంటే ఊరికే అనుకున్నదానికంటే జరిగే అవకాశం ఎక్కువని. నాకు సొంతంగా తెలిసొచ్చింది ఎలాగంటే, "రోజూ అమ్మతో మాట్లాడాలి" అని రాసుకున్న ఏడాది వారానికి రెండుసార్లు కూడా కుదర్లేదు, "సాయంత్రం బస్సెక్కి సీట్లో కూర్చోగానే అమ్మకి ఫోన్" అని మార్చిన ఏడాది దాదాపు తప్పలేదు, సీటు దొరక్క నిలబడిన రోజు ఏడున్నరకి అమ్మే చేసి "ఇవాళ సీటు దొరకలేదా" అని అడిగేది. డబ్బుకీ ఇదే, "పొదుపు చెయ్యాలి" కాదు, జీతం పడిన మర్నాడు ఆర్‌డీకి, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్‌కి, దానంతటదే కట్ అయ్యేలా పెట్టెయ్యండి, దాని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

ఉగాది దాకా టైం ఇవ్వండి

జనవరి 12కల్లా వాకింగ్ ఆగిపోయిందని ఏడాదంతా పోయినట్టు అనుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించింది, కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా వాళ్ళే చెప్పారు. జనవరి 1 నుంచి లెక్కేస్తే 66వ రోజు మార్చి 7. 2026లో ఉగాది మార్చి 19. అంటే మన కొత్త సంవత్సరం సరిగ్గా చెక్ చేసుకునే టైంకే వస్తోంది, నాకైతే రెండు న్యూ ఇయర్‌లు ఉండటం పెద్ద అదృష్టం అనిపిస్తుంది, ఒకటి మొదలుపెట్టడానికి, ఒకటి సరిచూసుకోవడానికి. ఆ ఉగాదితో వచ్చేది పరాభవ నామ సంవత్సరం, పేరు చూసి ఇప్పట్నుంచే బెంగపడేవాళ్ళు ఉన్నారు, అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు అది, 1966లో కూడా వచ్చింది, అప్పుడు పుట్టినవాళ్ళు మన ఇళ్ళల్లో చక్కగా మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు.

ఉగాది రోజు చెయ్యాల్సింది కొంచెమే. పచ్చడి తిన్నాక, టీవీలో రాశులు అయ్యాక, పుస్తకం తెరిచి ఆ రెండు ముడులూ చదవండి. నడుస్తున్నదాన్ని అలాగే ఉంచండి. నడవనిదానికి మనిషిని తిట్టుకోకండి, ముడి మార్చండి, పొద్దున అవ్వనిది సాయంత్రానికి, ఒంటరిగా అవ్వనిది ఇంకొకరితో కలిసి. సస్పెన్స్ పేజీ కూడా చూడండి, ఒకటో రెండో పద్దులు తేలి ఉంటాయి.

నా రెండిటిలో ఒకటి ఇలా రాసుకున్నా: "సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, కనుమ రోజు భోజనాలయ్యాక, అమ్మ అరుగు మీద కూర్చోగానే అడుగుతా." ఒప్పుకుంటుందో లేదో తెలీదు, ఇల్లు, తులసికోట, పక్కింటి పిన్ని, వీటన్నిటినీ వదిలి రావడం చిన్న సంగతి కాదు. ఈలోపు ఇక్కడి బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు బిగించమని ప్లంబర్‌కి చెప్పా. పుస్తకం పూజగదిలో పంచాంగం పక్కన పెట్టా, మార్చి 19 పేజీకి పైన డేటు వేసి "అమ్మ ఏమంది" అని రాసి, కింద ఖాళీ వదిలాను.